మా ఇనుప గూడుబండి

మన పెద్దలు తీర్థయాత్రలకు గూడుబండ్లలో పోవుచుండెడివారు. బండిలో వరిగడ్డి పఱచి, దానిపై జంబుఖానా వైచి, వెనుకవైపున బియ్యపుమూటయు పచ్చడిజాడీలును సర్దుకొని, త్రోవలో చెఱువుగట్టున మూడురాళ్ల పొయ్యి పెట్టి వండుకొని భుజించి, మరల ఎడ్లను కట్టుచుండిరి. అమరకోశమున నిట్టి కప్పుగల సవారీకి కర్ణీరథము, ప్రవహణము, డయనము అని మూడు పేళ్లు గలవు. చిన్ననాడు తాతగారు మాచేత ఆ మూడు పదములను వల్లె వేయించినపుడు, అట్టి వాహన మొకటి మా ముంగిట నిలుచుననియు, దాని అడుగున పరుండి మేము త్రుప్పు గీకవలసి వచ్చుననియు కలనైనను తలంపలేదు.

మేము ఇంగ్లండు దేశమున లెస్టరు పట్టణములో నివసించుచున్నాము. మావారు ఇచటి యొక పాఠశాలలో గణితము చెప్పుదురు. మాకు తొమ్మిదేండ్ల కుమార్తె గలదు. మా అత్తగారు కోనసీమవారు, డెబ్బదియైదేండ్ల వృద్ధురాలు, మడియాచారము విడువనివారు. 2019వ సంవత్సరమున మా యింటికి వచ్చి మూడుమాసము లుండిరి. ఆ మూడుమాసములలో వారు చూచినది మా పెరడును, వీధిచివరి తోటయు మాత్రమే. హోటలులో మంచినీరైనను ముట్టరు. ఎవరెవరో పరుండిన పరుపుపై పరుండరు. ఉదయము భోజనముచేసి బయలుదేరి సాయంకాలమునకు తిరిగి రాగలిగినంత దూరమే వారి లోకమయ్యెను. తిరిగిపోవునాడు విమానాశ్రయమున, “కాటన్ దొరగారి సమాధి యీ దేశములోనే యున్నదట గదా! ఒకమాఱు చూడవలెనని యుండెను” అనిరి. అంతవఱకు వా రామాట మాతో ననలేదు, మేమును అడుగలేదు.

సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరమువద్ద గోదావరిపై ఆనకట్టపని ప్రారంభించెను. 1852 నాటికి అది పూర్తియయ్యెను. మా అత్తగారి చేలకు నీరు పాఱించు కాలువ ఆ ఆనకట్ట పుణ్యమే. ఆయన 1899 జూలై 24వ తేదీని సర్రే మండలమందలి డార్కింగు పట్టణమున మృతినొందెను. ఆయూరి శ్మశానవాటికయందే సమాధి గలదు. మా యింటికి రమారమి 130 మైళ్లు. దూరము పెద్దది కాదు. నడుమ నొక రాత్రి నిలువక వృద్ధురాలిని తీసికొనిపోయి తీసికొనివచ్చుటయే కష్టము. తమ వంటయిల్లు తమవెంట వచ్చిననేగాని వారు గడప దాటరు. కావున వంటయింటినే చక్రములపై ఎక్కింపవలెనని మాకు తోచినది.

అట్టి బండ్లు ఈ దేశమున విరివిగ గలవు. కాని క్రొత్తవాని వెల బడిపంతులుగారి జీతమున కందునది కాదు. కావున పాతవానిని వెదకితిమి. మా కంటబడినది జర్మనీ దేశపు ఫోక్స్‌వాగన్ వ్యాను. దీని పుట్టుక వినదగినది. హాలెండు దేశపు వర్తకుడు బెన్ పాన్ అను నాయన 1947 ఏప్రిల్ 23వ తేదీని తన చేతిపుస్తకములో పెట్టెవంటి యొక బండి బొమ్మ గీసెను. ముందు తోలువాడు, వెనుక ఇంజను, నడుమ నంతయు సరకు. ఇంతే ఆ బొమ్మ. ఆ కాగితము ఆంస్టర్‌డాం నగరమందలి రైక్స్ మ్యూజియములో భద్రపఱుపబడియున్నది. 1950 మార్చిలో ఆ బండ్ల తయారీ ప్రారంభమయ్యెను. మఱుసటి యేడే వెస్ట్‌ఫాలియా అను సంస్థవారు, బండిలో పెట్టుటకును తీయుటకును వీలైన మంచము, బల్ల, అలమార చేసి యమ్మసాగిరి. వారమంతయు సరకులు మోసి, ఆదివారమునాడు కుటుంబమును మోయుట దాని పని. 1967లో ముందరి రెండు అద్దముల స్థానమున ఒకే వెడల్పాటి వంపుటద్దము వచ్చినది. జర్మనీలో ఆ రూపము 1979తో ఆగినను, బ్రెజిలు దేశమున 2013 వఱకు ఇంచుమించుగ అదే రూపమున తయారగుచుండెను.

మేము కొన్నది 1973 నాటిది. రమారమి నాలుగున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు. ఇంజను వెనుక నుండును. నీటితోగాక గాలితో చల్లబడును. 50 గుఱ్ఱముల బలము మాత్రమే గలది. లోపల నొక మంచపుబల్లయు, విఱిగిన పొయ్యియు, ఎలుకలు కొఱికిన పరుపును ఉండెను. వెలుపల మాత్రము లేతనీలిరంగు అద్దమువలె మెఱయుచుండెను. ఆ మెఱపే మమ్ము మోసపుచ్చినది.

మృచ్ఛకటికమున వసంతసేన తనకై వచ్చిన ప్రవహణ మనుకొని వేఱొక ప్రవహణము నెక్కి ప్రాణాపాయము తెచ్చుకొన్నది. ఆ కథ చిన్ననాడే చదివియుండియు మేమును ఎక్కబోవు బండిని సరిగ చూడలేదు. ఇచట నలువదియేండ్లు దాటి, పెద్దమార్పులు జరుగని బండికి రోడ్డుపన్ను లేదు. ఏటేట జరుగవలసిన పరీక్షయు నిర్బంధము కాదు. వినుట కిది వరమువలె నుండును. కాని పరీక్షించువాడు లేడనగా బండి మంచిదని యర్థము కాదు. పరీక్షింపవలసినవారము మనమే యని యర్థము. ఇది మాకు సొమ్ము చెల్లించిన పిమ్మట తెలిసినది.

బండి యింటికి వచ్చిన నాలుగవనాడు మావారు ఎవరివద్దనో విని, చిన్న అయస్కాంతమునకు గుడ్డ చుట్టి తెచ్చి, బండి ప్రక్కల వెంట జరుపుచు పోయిరి. ఇనుమున్నచోట అది అంటుకొనెను. లప్పముతో పూడ్చినచోట జాఱి క్రింద పడెను. తలుపుల క్రింద గడపవలె పొడవుగ సాగు ఇనుపపెట్టెవద్ద అది ఏడుచోట్ల పడెను. మా అమ్మాయి ఆటకు స్క్రూడ్రైవరు పిడితో ముందరి మెట్టును తట్టగా, పిడి లోనికి దిగిపోయెను. చాప తీసి చూడ, క్రింద నేల కనబడెను.

ఆ రాత్రి మావారు అన్నము సరిగ తినలేదు. ఇంటికై కూడబెట్టిన సొమ్ములోనుండి మేము బండి కొంటిమి. ఈ బండికి విడిగ చట్రము లేదు. చట్రము శరీరముతో నొకటిగ అతుకబడియుండును. కావున త్రుప్పు పట్టినది చర్మము కాదు, ఎముకలు. “ఎట్లు కొంటిమో అట్లే అమ్మివేయుదము. చూచువారికి బాగుగనే యున్నది గదా” అని వా రనిరి. వారి స్వభావ మట్టిది కాదు. భయము చేత నట్లనిరి. “మన మెట్లు మోసపోయితిమో అట్లే మఱియొక యింటివారు మోసపోవలెనా? వారికిని పిల్లలుందురు” అంటిమి. వారు చాలసేపు మాటాడలేదు. తుదకు లేచి కాగితము తీసి, ఏయే రేకులు కావలయునో లెక్క వ్రాయసాగిరి. ఆనాటినుండి పదునాలుగు నెలలు మా ముంగిలి కమ్మరికొట్టమైనది.

పని వరుస చెప్పెదము. మొదట బండి నెత్తి నిలుపుట. జాకీ యెత్తుటకే గాని మోయుటకు కాదు. జాకీపై మాత్రమే నిలిచిన బండి క్రింద నెవ్వరును దూఱరాదు. బలమైన ఇనుప ఆధారములు నాలుగు పెట్టి, బండిని చేతులతో ఊపి చూచిన పిమ్మటనే దూఱవలెను. రెండవది, గీకుట. పాతరంగులలో సీసముండవచ్చును, కావున పొడిగ ఉప్పుకాగితము పట్టి దుమ్ము రేపరాదు. తడిపి రుద్దవలెను, ముక్కునకు మంచి ముసుగు కట్టవలెను, ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు. పాత బ్రేకులలో రాతినార యుండవచ్చును. ఈ దేశమున 1999లోగాని దానిని పూర్తిగ నిషేధింపలేదు. ఆ దుమ్మును నోటితోగాని గాలిమరతోగాని ఊదరాదు.

మూడవది, చెడినదానిని కోయుట. త్రుప్పుపై రేకు కప్పిన త్రుప్పు చావదు. పుండుపై పట్టుగుడ్డ చుట్టినట్లగును. మెఱయు మంచి ఇనుము కనబడువఱకు కోసి, అచటనుండి క్రొత్తరేకు అతుకవలెను. ఇది మా చేతిపని కాదని మాకు తెలియును. వెల్డింగు పనిలో తలనెరసిన ముసలివా డొకడు శనివారములు వచ్చి చేసెను. ఒకప్రక్క ముగించినగాని రెండవప్రక్క ముట్టనిచ్చెడివాడు కాడు. రెండును ఒక్కమాఱు కోసిన బండి నడుము కుంగి తలుపులు పట్టవట. తలుపు సందులలో ఇనుపకమ్ములు అడ్డుగట్టిన పిమ్మటనే కోసెను. అతడు అతికినచోట్ల మేము ప్రైమరు పూసి, అతుకులలో మైనమువంటి మందు పట్టించి, లోపలి బోలుభాగములలో పొడవైన గొట్టముతో కరగిన మైనమును చిమ్మితిమి. కంటికి కనబడని ఆ మైనమునకైన వ్యయము పైరంగునకైన వ్యయముకంటె నెక్కువ. మొత్తముమీద బాగుసేతకైన సొమ్ము బండివెలను మించినదని దాచక చెప్పుచున్నాము.

ఈలోపల మా అత్తగారు వారమువారము టెలిఫోనులో బండి క్షేమ మడుగుచుండిరి. ఒకనాడు, “అమ్మాయీ! అంతయు బాగుగనే యున్నది గాని, ఇరుసులకు కందెన పెట్టితిరా?” అనిరి. మేము నవ్వితిమి. ఇది ఎడ్లబండి కాదంటిమి. “ఏ బండికైనను ఇరుసుండును గదా! అంతర్వేది తీర్థమునకు పోవునపుడు మీ మామగారు బండి కదలకమునుపే కందెన చూచుకొనెడివారు” అని వారు విడువలేదు. మావారు వెంటనే పుస్తకము తీసి చూచిరి. ముందరి ఇరుసునకు గ్రీజు ఎక్కించుటకు నాలుగు చిన్న నాళములు గలవని అందు వ్రాసియుండెను. బండి క్రింద దూఱి వెదకగా అవి రంగుక్రిందను మట్టిక్రిందను కప్పబడియుండెను. ఎవరో వానిమీద నుండియే రంగు పూసిరి. ఎన్నియేండ్లనుండి అందు కందెన పోయలేదో! మట్టి తీసి గ్రీజు ఎక్కింపగా, మొదట నల్లని ముద్దలును తరువాత ఎఱ్ఱని త్రుప్పునీరును, తుదకు స్వచ్ఛమైన గ్రీజును వచ్చెను. ఆనాటినుండి మేము అత్తగారి ప్రశ్నలకు నవ్వుట మానితిమి.

అటుపిమ్మట లోపలి యలంకారము. స్త్రీల చేయి పడవలసిన దిచటనే యందురు. మా చేయి అడుగుననే పడినదిగాన ఇది మాకు సెలవువలె తోచినది. ఇనుపగోడలు రాత్రివేళ చల్లబడును. నిద్రించువారి ఊపిరి వానిపై నీరై, చెక్కల వెనుకకు జాఱి, మరల త్రుప్పును పుట్టించును. కావున గోడలకు గొఱ్ఱెబొచ్చు దట్టించి, దానిపై పలుచని ప్లైవుడ్డు బిగించితిమి. గొఱ్ఱెబొచ్చు చెమ్మను కొంత పీల్చుకొని, ఎండ వచ్చినపుడు మరల విడుచును. అయినను ఎంత చలియైనను ఒక కిటికీ వ్రేలెడు తెఱచియుంచవలెను.

వంటయిల్లు అత్తగారి యెత్తునకు కొలిచి చేసితిమి. వారికి మోకాళ్లనొప్పి, కావున తలుపువద్ద వెడల్పాటి మెట్టొకటి, చేయి పట్టుకొనుటకు కఱ్ఱకమ్మి యొకటి పెట్టితిమి. అలమారలకు ముందువైపున రెండంగుళముల అంచు కట్టితిమి. లేనిచో మొదటి మలుపులోనే పోపులపెట్టె నేలపై నుండును. ఆవకాయజాడీకి గుండ్రని గూడు కోసి అడుగున కంబళి వేసితిమి. మడినీళ్ల బిందెకు వేఱు స్థానము. తెఱలకు క్రొత్తగుడ్డ కొనలేదు. అత్తగారే పంపిన పాత వేంకటగిరి నూలుచీరలను కుట్టితిమి. పొయ్యిప్రక్కన మాత్రము తెఱ పెట్టలేదు, రేకు బిగించితిమి.

గ్యాసు సంగతి వినోదము కాదు. గ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలబారున చేరి నిప్పుకై కాచుకొనియుండును. కావున సిలిండరుపెట్టెకు అడుగున, వెలుపలికి తెఱచియుండు రంధ్రముండవలెను. ఈ పని మాత్రము మేము ముట్టక, అధికారపత్రముగల పనివానిచేత చేయించి పరీక్షింపించితిమి. చలికాచుకొనుటకు పొయ్యి వెలిగింపరాదు. వాసనలేని విషవాయువు పుట్టి నిద్రలోనే ప్రాణములు తీయును. దానిని కనిపెట్టి కూయు చిన్నయంత్ర మొకటి గోడకు బిగించితిమి.

దీపములకును శీతలపెట్టెకును వేఱొక బ్యాటరీ యుంచితిమి. రాత్రియంతయు వాడినను ఉదయము ఇంజను కదలుటకు మొదటి బ్యాటరీ చెడకుండును. ఇచట మావారి గణితము పనికివచ్చినది. శీతలపెట్టె 45 వాట్లది; బ్యాటరీ 12 వోల్టులది. 45ని 12చే భాగింప 3.75 ఆంపియర్లు. ఇరువదినాలుగు గంటలలో అది ఎనిమిది గంటలు పనిచేయుననుకొన్న 30 ఆంపియరు గంటలు. సీసపు బ్యాటరీ 100 ఆంపియరు గంటలదైనను సగముకంటె మించి తోడినచో త్వరలో చెడును. దీపములతో కలిపి ఒకరాత్రియు మఱునాటి పగలును గడచును, రెండవరాత్రి గడవదు. మా అమ్మాయి ఈ లెక్కను తన బడిలో చెప్పి మెప్పుపొందినది.

2024 జూన్ మాసమున అత్తగారు వచ్చిరి. కాటన్ గతించిన తిథి తెలియకున్నను తేదీ తెలియును గాన, జూలై 24ననే డార్కింగు చేరవలెనని మే మందఱము నిశ్చయించుకొంటిమి. ఇంజనును ఒక మరమ్మతుశాలకు పంపి చూపించితిమి. “పెట్రోలు గొట్టములన్నియు క్రొత్తవి” అని వారు చీటీపై వ్రాసి యిచ్చిరి. బండి వీథులలో బాగుగనే తిరిగెను.

జూలై 21వ తేదీ సాయంకాలము మేము వెనుకనున్న మంచమునకు పరుపు కుట్టుచుంటిమి. ఈ బండిలో మంచము విప్పినపుడు దాని తలవైపు సరిగ ఇంజను పైన నుండును. అత్తగారును మా అమ్మాయియు పరుండవలసిన చోటది. పరుపు సర్దుటకై వంగగా సన్నగ పెట్రోలు వాసన తగిలెను. మావారిని పిలువ, “పాతబండి; కొంచెము వాసన సహజము” అనిరి. వంటయింట గ్యాసువాసన సహజమని ఏ గృహిణియైన నూరకుండునా? మేము దీపము తెచ్చి చూచితిమి. దీపమనగా బ్యాటరీ దీపమే. గొట్టములపై గుడ్డనేత చుట్టబడి క్రొత్తవానివలె నుండెను. ఒకదానిని వ్రేళ్లతో వంచి చూడగా, నేతలోనుండి చెమటవలె పెట్రోలు ఊరెను. పైనేత క్రింద రబ్బరంతయు బీటలు వాఱియుండెను. చీటీ క్రొత్తదే గాని గొట్టము క్రొత్తది కాదు.

ఇచట 2021 సెప్టెంబరునుండి సాధారణ పెట్రోలులో నూటికి పదిపాళ్లవఱకు ఎథనాలు కలుపుచున్నారు. అది పాతరకపు రబ్బరును పాడుచేయును. ఈ యింజను శరీరము మగ్నీషియము కలిసిన లోహముతో చేయబడినది; ఒకసారి అంటుకొన్న ఆర్పుట మిక్కిలి కష్టము, నీరు చల్లిన మఱింత రేగును. ఈ సంగతులన్నియు చదివినవారమయ్యు, చీటీని నమ్మి గొట్టమును చూడకుంటిమి. మావారి ముఖము పాలిపోయెను. ఆ మంచముపై ఎవరు పరుండవలసినదో వారికి వేఱుగ చెప్పవలసిన పని లేకపోయెను.

జూలై 24 ప్రయాణము మానితిమి. ట్యాంకులోని పెట్రోలు తోడి, ఇంజను దింపి, ఎథనాలునకు తాళు గొట్టములను ట్యాంకు మొదలుకొని చివరివఱకు మార్పించి, ప్రతి పట్టీ బిగింపును మేమే చూచితిమి. గొట్టము లోహపుగోడను దాటుచోట రాపిడి కాకుండ రబ్బరువలయములు వేయించితిమి. తలుపుప్రక్కన నిప్పునార్పు సాధన మొకటి తగిలించితిమి. ఆపైన నిర్బంధము లేకున్నను బండిని సర్కారు పరీక్షకు పంపితిమి. ఇందుకు మూడువారములు పట్టెను. వృద్ధురాలి కోరిక తీఱవలసిననాడు తీర్పలేకపోతిమని మేము కంట నీరు పెట్టుకొనగా అత్తగారు, “ఆనకట్ట కట్టిన మహానుభావునకు తెలియనిదా అమ్మాయీ! గండి పడకముందే పూడ్చుకొనవలెను. ఆయన కోపగింపడులే” అనిరి.

ఆగస్టు మూడవవారమున బయలుదేరితిమి. గంటకు 50 మైళ్లకు మించక, పెద్దబండ్లన్నియు మమ్ము దాటిపోవుచుండ, ఎడమవరుసన మా త్రోవ మేము పోయితిమి. ఈ బండిలో ముందు కూర్చున్నవారి మోకాళ్లకును ఎదుటివానికిని నడుమ రేకుతప్ప వేఱొకటి లేదు, తొందర పనికిరాదు. వెనుక పీటకు బలమైన పట్టీలు బిగింపించితిమి గాన అత్తగారును అమ్మాయియు వానిని ధరించి కూర్చుండిరి. ఆ రాత్రి నొక పచ్చికబయలున గుడారములకై ఏర్పఱచిన స్థలమున ఆగితిమి. అత్తగారు స్నానముచేసి, మడికట్టుకొని, తమ యెత్తునకు కొలిచిన పొయ్యివద్ద నిలిచి, కందిపప్పును బీరకాయకూరయు వండిరి. పోపువాసన పొరుగు గుడారములకు పోగా ఇద్దఱు దొరసానులు వచ్చి యేమి వండుచున్నారని యడిగిరి. వారికిని పెట్టితిమి. అత్తగారును మనుమరాలును బండిలో పరుండిరి. మే మిరువురము ప్రక్కనే గుడారములో పరుంటిమి. చాలరాత్రివఱకు లోపలినుండి అంతర్వేది ప్రయాణపు కథలు వినవచ్చుచుండెను.

మఱునాడు డార్కింగు చేరితిమి. సమాధివద్ద అత్తగారు ఏమియు ననలేదు. ఇంటినుండి తెచ్చిన రాగిచెంబు మూతకు వేసిన లక్కను గోటితో తీసి, అందలి గోదావరినీరు కొంచెము చల్లి, చేతులు జోడించి నిలిచిరి. మావారు వారి చేయి పట్టుకొనిరి. ఐదేండ్లక్రితము విమానాశ్రయమున విన్న ఆ యొక్కమాటకై మేము పడిన పాటంతయు మాకు ఆ క్షణమున తేలికయయ్యెను.

ఇట్టి పని పూనదలచిన సోదరీమణులకు మా యనుభవమున తేలిన మాట యొక్కటే చెప్పెదము. రంగును చూచి కొనకుడు. అయస్కాంతమును, స్క్రూడ్రైవరును తీసికొనిపోయి, చాప లెత్తి చూడుడు. మొదట అడుగు, పిమ్మట బ్రేకులు, పిమ్మట పెట్రోలు గొట్టములు, పిమ్మట గ్యాసు. తెఱలును పరుపులును అన్నిటికిని చివర. తెఱలు మొదట కుట్టినచో, వాని యందము చూచి అడుగును మఱచుట మనస్సునకు సహజము. ఒకరు వ్రాసియిచ్చిన చీటీని మన్నింపుడు గాని, మీ ముక్కునకు తగిలిన వాసనను అంతకంటె నెక్కువగ మన్నింపుడు. యంత్రము తెలియని మనకేమి తెలియునని వెనుదీయ పనిలేదు. పొయ్యిమీది పాలు పొంగుట చూడకయే వినగలిగిన మనకు యంత్రపు నలతయు తెలియును.

అత్తగారు సెప్టెంబరులో స్వదేశమునకు పోయిరి. ఇప్పుడును మేము బండిలో బయలుదేరునాడు టెలిఫోను చేయుదురు. కందెన పెట్టితిరా యని మొదటి ప్రశ్న. వెనుక వాసన చూచితివా అమ్మాయీ యని రెండవది. ఆ రెండింటికిని సమాధానము చెప్పినగాని మావారు తాళపుచెవి త్రిప్పుట లేదు.